నోరు కట్టుకుంటే తగ్గే జబ్బు కాదు



ఫంక్షన్ హాల్లో అడుగు పెట్టగానే మన మీద పడే మొదటి మాట ఏమిటో ఎప్పుడైనా గమనించారా? "ఏంటమ్మాయ్, బాగా ఒళ్ళు చేశావ్!" లేదంటే, "అయ్యో, ఇలా చిక్కిపోయావేంటి?" ఈ రెంటికీ మధ్య చుట్టాలకు నచ్చే బరువంటూ ఒకటుందో లేదో నాకింకా తెలియలేదు. మూడో పలకరింపు కూడా ఉంది. "భలే తగ్గావే, ఏం చేశావు?" దానికి "అన్నం మానేశానండీ" అని జవాబిచ్చారంటే చుట్టూ నలుగురు చేరిపోతారు. ఏ డైటు, ఏ యాప్, ఎన్నాళ్ళు పట్టింది అని ఆరాలు మొదలవుతాయి. రాత్రి నిద్ర పడుతోందా, తిండి ధ్యాస కాకుండా వేరే ఆలోచనేదైనా బుర్రలోకి వస్తోందా అని మాత్రం ఎవరూ అడగరు.

ఈ రోజు మాట్లాడుకోబోయేది తిండి చుట్టూ అల్లుకునే మానసిక రుగ్మతల గురించి. డాక్టర్లు ఈటింగ్ డిజార్డర్స్ అంటారు. ఈ మాట వినగానే ఫ్యాషన్ షోలో నడిచే మోడళ్ళో, ఎక్కడో లండన్‌లో పదహారేళ్ళ పిల్లలో గుర్తొస్తారు. నేను చెప్పబోయేది మన మధ్య ఉన్నవాళ్ళ గురించి. హైదరాబాదులో, విశాఖలో, బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటూ, ఈఎంఐలు కట్టుకుంటూ, పాతికేళ్ళు దాటినవాళ్ళ గురించి. వాళ్ళలో కొందరు నలభై కూడా దాటినవాళ్ళే. చూడటానికి అందరిలాగే ఉంటారు. లావుగా ఉన్నవాళ్ళున్నారు, సన్నగా ఉన్నవాళ్ళున్నారు, ఎక్కువమంది ఇటూ అటూ కాకుండా ఉంటారు. ఎవరి బరువెంతో అంకెలు మాత్రం ఈ ప్రసంగంలో చెప్పను. ఈ జబ్బుతో బాధపడేవాళ్ళు అలాంటి అంకె చెవిన పడితే దాన్నే లక్ష్యంగా పెట్టేసుకుంటారు.

ఒకమ్మాయిని ఊహించుకుందాం. కొండాపూర్‌లో పీజీలో ఉంటుంది, సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని. పొద్దున పాలు లేని కాఫీ. మధ్యాహ్నం డబ్బాలో కీరా ముక్కలు, నాలుగు ఉడికిన సెనగలు. సాయంత్రం ఎవరో పుట్టినరోజు కేకు కోస్తే "డైట్‌లో ఉన్నాను" అని నవ్వి తప్పుకుంటుంది. అమెరికా వాళ్ళతో కాల్ అయ్యేసరికి రాత్రి పదిన్నర. రూమ్మేట్ ఊరెళ్ళింది. ఫోన్ తీసి బిర్యానీ ఆర్డరు పెడుతుంది. ఒకరికి కాదు, ఫ్యామిలీ ప్యాక్. దానికి తోడు డబుల్ కా మీఠా, రెండు చిప్స్ ప్యాకెట్లు. లైటు తీసేసి, లాప్‌టాప్‌లో ఏదో పెట్టుకుని, నమలకుండా మింగుతున్నట్టు తింటుంది. ఐదారు ముద్దల తర్వాత రుచి తెలియదు. కడుపు నొప్పి పుట్టినా చెయ్యి ఆగదు. అరగంటలో అంతా అయిపోతుంది. ఆ తర్వాత ఆమె చేసే పని చూడండి. ఖాళీ డబ్బాలన్నీ నల్ల కవర్లో కుక్కి, గదిలో ఉన్న చెత్తబుట్టలో వేయకుండా, మూడంతస్తులు మెట్లు దిగి వీధి చివర కుండీలో పడేసి వస్తుంది. లిఫ్టులో అయితే పీజీ ఆంటీ ఎదురుపడవచ్చు. గదికి తిరిగొచ్చి ప్రతిజ్ఞ చేసుకుంటుంది: రేపు రోజంతా ఏమీ తినకూడదు.

మీకు ఆ బిర్యానీ కనిపించి ఉంటుంది. నాకు ఆ మెట్లు కనిపిస్తాయి. మనిషి ఒక్కోసారి అతిగా తినడం జబ్బేమీ కాదు. పండగపూట బూరెలు పది లాగించి మంచమెక్కినవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉంటారు, మర్నాడు ఆ కబురు చెప్పుకుని నవ్వుతారు కూడా. ఇది వేరు. కొద్దిసేపట్లోనే విపరీతంగా తినడం, ఆపుకోవాలన్నా ఆపుకోలేకపోవడం, ఆకలి లేకపోయినా తినడం, సిగ్గుతో ఒంటరిగా తినడం, తిన్నాక తన మీద తనకే అసహ్యం కలగడం. ఇవి వారానికి ఒక్కసారైనా, మూడు నెలలపాటు సాగుతుంటే దాన్ని బింజ్ ఈటింగ్ డిజార్డర్ అంటారు. అమెరికన్ మానసిక వైద్యుల సంఘం తన పుస్తకంలో దీన్ని విడి జబ్బుగా చేర్చింది 2013లో మాత్రమే. అల్బర్ట్ స్టంకర్డ్ అనే డాక్టరు 1959లోనే దీని గురించి రాసినా, గుర్తింపు రావడానికి అర్ధశతాబ్దం పైన పట్టింది. అన్నం ముట్టని అనొరెక్సియాకు 1873లోనే లండన్‌లో విలియం గల్, పారిస్‌లో లాసెగ్ అనే డాక్టర్లు వర్ణనలు రాసిపెట్టారు. తిని, భయంతో కక్కేసే బులీమియాకు 1979లో జెరాల్డ్ రస్సెల్ అనే డాక్టరు ఆ పేరు పెట్టారు. అతిగా తినేవాళ్ళ వంతు చివర్లో వచ్చింది. కారణం ఊహించడం కష్టమేమీ కాదు. తిననివాళ్ళను చూస్తే జాలిపడతాం. ఎక్కువ తినేవాళ్ళను చూస్తే "నోరు కట్టుకోలేవా?" అంటాం. డాక్టర్లూ మనుషులే కదా.

ఆ మాట దగ్గరే కాస్త ఆగుదాం. నోరు కట్టుకోవడం. మన దగ్గర తిండి సమస్యలన్నిటికీ ఇదొక్కటే మందు. కానీ పైన చెప్పిన అమ్మాయి రోజంతా చేసింది అదే. పొద్దుట్నించి రాత్రి పదిన్నర దాకా నోరు కట్టుకునే ఉంది. అర్ధరాత్రి జరిగింది దాని ఫలితం.

ఇది నా సిద్ధాంతం కాదు, ప్రయోగంలో తేలిన సంగతి. 1944 నవంబరులో, రెండో ప్రపంచ యుద్ధం చివరి దశలో, యూరప్‌లో జనం ఆకలితో మాడుతున్నారు. అలా నెలల తరబడి మాడినవాళ్ళకు మళ్ళీ తిండి ఎలా అలవాటు చేయాలో తెలుసుకోవడానికి అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక పరీక్ష మొదలుపెట్టాడు. మనస్సాక్షి ఒప్పుకోక తుపాకి పట్టనన్న యువకులు 36 మంది తమంతట తామే ముందుకొచ్చారు. ఒంట్లోనూ మనసులోనూ దిటవుగా ఉన్నవాళ్ళనే ఏరుకున్నారు. మూడు నెలలు మామూలు భోజనం పెట్టి, తర్వాత ఆరు నెలలు దాన్ని సుమారు సగానికి కోసేశారు. బంగాళాదుంపలు, టర్నిప్పులు, బ్రెడ్డు, మాకరోని, అన్నీ కలిపి రోజుకు 1570 క్యాలరీల దాకా. దానికి తోడు వారానికి 22 మైళ్ళ నడక. ఇవాళ మన ఫోన్లలో తిరిగే డైట్ చార్టుల్లో చాలావాటికి ఈ 1570 కూడా ఎక్కువే.

వాళ్ళ బరువులో నాలుగో వంతు పోయింది. అది అనుకున్నదే. అనుకోనిది మనసుల్లో జరిగింది. నిన్నటిదాకా రాజకీయాలూ మతమూ ప్రపంచశాంతీ మాట్లాడుకున్న కుర్రాళ్ళు వంటల పుస్తకాలు పట్టుకుని రాత్రుళ్ళు చదవడం మొదలుపెట్టారు. ఎప్పుడూ గరిటె పట్టనివాళ్ళు వంటకాల చిట్టాలు రాసుకున్నారు. పళ్ళెంలో ఉన్న కాస్తనీ గంటలకొద్దీ సాగదీసి తిన్నారు, పళ్ళేలు నాకారు. చూయింగ్ గమ్ములూ కాఫీలూ మితిమీరిపోతే పరిమితి పెట్టాల్సి వచ్చింది. చిన్నమాటకు కోపం, నలుగురితో కలవలేకపోవడం, దిగులు. ఆడపిల్లల మీద ధ్యాసే పోయిందన్నారు. కొందరు ఆపుకోలేక దొంగతనంగా తిని, తర్వాత కుమిలిపోయారు. పరీక్ష అయిపోయి, తిండి మీద ఆంక్షలు ఎత్తేశాక సంగతి ఇంకా విచిత్రం. కడుపు పట్టనంత తిన్నారు, తిన్నాక కూడా ఆకలేస్తోందన్నారు. ఆ పరిస్థితి వారాలు, కొందరికి నెలలపాటు సాగింది. 1950లో కీస్ బృందం ఇదంతా రెండు పెద్ద సంపుటాల్లో అచ్చువేసింది.

ఆ 36 మందికి సన్నబడాలన్న కోరిక లేదు, ఇన్‌స్టాగ్రామ్ లేదు, వాళ్ళమ్మ ఏమీ అనలేదు. మనసు గట్టిదనాన్ని పరీక్షించి మరీ తీసుకున్నవాళ్ళు. అలాంటివాళ్ళకే కడుపు మాడ్చగానే తిండి పిచ్చి పట్టింది. అంటే మన అమ్మాయికి పట్టుదల తక్కువని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కరువొచ్చిందనుకుని ఒళ్ళు తన పని తాను చేసుకుపోతోంది. పస్తు, దాని వెనక ఆబగా తినడం, దాని వెనక సిగ్గు, సిగ్గు పోగొట్టుకోవడానికి ఇంకా గట్టి పస్తు. ఈ గానుగలో మనుషులు ఏళ్ళకేళ్ళు తిరుగుతారు.

మరి డైటు చేసినవాళ్ళందరికీ ఈ జబ్బు రాదు కదా అని మీరు అడగవచ్చు. రాదు. పుట్టుకతో వచ్చే గుణం కొంత ఉంటుంది, చిన్నప్పుడు పడ్డ వేళాకోళాలు ఉంటాయి, దిగులు, ఆందోళన లాంటివి ముందే ఉండవచ్చు. వాటికి నగరం తన వాటా తాను కలుపుతుంది.

అన్నిటికన్నా ముందు ఒంటరిగా తినడం. ఊళ్ళో తింటుంటే ఎవరో ఒకరు పక్కన ఉంటారు. చారు వేసుకోమని ఒకరు, ఇంక చాలు లెమ్మని ఒకరు. నగరంలో గది, ఫోను, తలుపు దగ్గర పార్సిల్. ఎంత తిన్నదీ, ఏం తిననిదీ చూసేవాళ్ళు ఉండరు. రెండోది నిద్ర. నిద్ర తక్కువైతే ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను పెరుగుతుంది, చాలు అని చెప్పే లెప్టిన్ తగ్గుతుంది అని కొన్ని పరిశోధనల్లో తేలింది. నైట్ షిఫ్టులవాళ్ళకు ఇది రోజువారీ సంగతి. ఇక పని ఒత్తిడి. మేనేజరు మీద కోపం మేనేజరు మీద చూపించలేం, ఇంట్లో చెబితే కంగారు పడతారు, స్నేహితుడు ఇంకో టైమ్ జోన్‌లో ఉంటాడు. తిండి మాత్రం అరగంటలో తలుపు తడుతుంది. తింటున్న ఆ కాసేపూ మనసు మొద్దుబారుతుంది. ఆ మొద్దుబారడం కోసమే తింటున్నామని చాలామంది నాతో చెప్పారు.

తెర సంగతి కూడా చెప్పుకోవాలి. ఫిజీ దీవుల్లో నాద్రోగా అనే ప్రాంతానికి 1995లో టెలివిజన్ వచ్చింది. అక్కడ బొద్దుగా ఉండటమే అందం, ఆరోగ్యం. హార్వర్డ్ పరిశోధకురాలు ఆన్ బెకర్ టీవీ వచ్చిన కొత్తలోనూ, మూడేళ్ళ తర్వాతా అక్కడి హైస్కూలు ఆడపిల్లలను అడిగారు. బరువు తగ్గడానికి తిన్నది కక్కేస్తున్నామని మొదటిసారి ఒక్కరూ చెప్పలేదు. 1998లో నూటికి పదకొండు మంది చెప్పారు. అది టీవీ కాలం. ఇప్పుడు ఆ తెర దిండు కింద ఉంటోంది.

మన సొంత సరుకు కూడా తక్కువేం కాదు. పెళ్ళిచూపులు కుదరగానే పిల్లను ఆరు నెలల్లో "సెట్" చేయాలంటారు. తిను, తిను అని నెయ్యి వేసిన నోటితోనే కాస్త తగ్గవే అంటారు. ఆమెకు అండాశయాల సమస్య పీసీఓడీ ఉందంటే ఆసుపత్రిలో కూడా మొదటి మాట బరువే. పీసీఓడీ ఉన్న ఆడవాళ్ళలో ఈ తిండి రుగ్మతలు మామూలుకంటే ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి, అయినా తగ్గి రమ్మని పంపించేస్తారే తప్ప, ఎలా తింటున్నావమ్మా అని అడిగే తీరిక ఎవరికీ ఉండదు. కొన్నేళ్ళ క్రితం మన రెండు రాష్ట్రాల్లో కొబ్బరినూనె తాగే డైటు ఎంత ఊపు ఊపిందో గుర్తుందా? వేలమంది ఒకేసారి అన్నం మానేశారు. కొందరికి షుగరు తగ్గింది, సంతోషమే. మళ్ళీ అన్నం మొదలెట్టిన రోజు నుంచి తమను తాము దోషుల్లా చూసుకున్నవాళ్ళ లెక్క ఎవరి దగ్గరా లేదు. ఇప్పుడు బరువు తగ్గించే ఇంజక్షన్ల కాలం. 2025లో మౌంజారో, వెగోవీ మన దేశపు మార్కెట్‌లోకి వచ్చాయి. అవసరమైనవాళ్ళకు అవి మంచి మందులే. రాసే ముందు ఆ మనిషికి తిండితో ఉన్న తగువేమిటో డాక్టరు అడిగి తీరాలన్నది నా మాట.

మనవాళ్ళలో ఇంకో చిక్కుంది. అనొరెక్సియా అంటే లావైపోతానన్న భయం అని పుస్తకాల్లో ఉంటుంది. మన దేశంలో తిండి మానేసినవాళ్ళలో కొందరు ఆ మాటే అనరు. కడుపు ఉబ్బరం, గ్యాసు, ఆకలి లేదు, ముద్ద దిగడం లేదు అంటారు. 1995లో ఢిల్లీ వైద్యులు రాసిన ఐదుగురు యువతుల కథల్లో కూడా ఈ తేడా కనిపించింది. హాంకాంగ్‌లోనూ ఇలాంటి రోగుల గురించి రాశారు. దాంతో ఇలాంటివాళ్ళు ముందు గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి వెళ్తారు, ఎండోస్కోపీలు చేయించుకుంటారు, రిపోర్టులన్నీ నార్మల్ అని వస్తాయి, మనిషి మాత్రం కరిగిపోతూనే ఉంటారు. మరికొందరికి దేవుడు అడ్డం. సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయస్వామి, శనివారం వెంకటేశ్వరస్వామి. ఒక్కపొద్దు ఉండటం జబ్బు కాదు, మన అమ్మమ్మలంతా ఉన్నారు. సాయంత్రం పూజయ్యాక ఫలహారం కూడా వద్దనేవాళ్ళ విషయంలో మాత్రం ఒకసారి ఆలోచించాలి. మానసిక వ్యాధుల్లో ప్రాణం తీసే ప్రమాదం అత్యంత ఎక్కువగా ఉన్నవాటిలో అనొరెక్సియా ఒకటి. తేలిగ్గా తీసుకోకండి.

బులీమియాను చాలాసార్లు ముందు కనిపెట్టేది పళ్ళ డాక్టరు. పదే పదే వాంతి చేసుకోవడం వల్ల కడుపులోని ఆమ్లం పంటి పైపొరను తినేస్తుంది. చెంపల కింద గ్రంథులు వాచి ముఖం ఉబ్బినట్టుంటుంది. ఒంట్లో పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది, హఠాత్తుగా ప్రాణం మీదికి రావచ్చు. బయటికి మనిషి చలాకీగానే కనిపిస్తారు. ప్రపంచమంతా కెమెరాలు పెట్టి చూసిన యువరాణి డయానా కూడా తనకీ జబ్బు ఏళ్ళపాటు ఉండేదని 1995లో బీబీసీ ఇంటర్వ్యూలో తనే చెప్పేదాకా జనానికి ఆ సంగతి ఆమె నోట వినపడలేదు.

మగవాళ్ళు ఇప్పటిదాకా ఇది మాది కాదులే అనుకుంటూ విని ఉంటారు. బింజ్ ఈటింగ్‌లో మగవాళ్ళ వాటా గణనీయంగా ఉంది, మనవాళ్ళు దానికి "స్ట్రెస్ వచ్చి లాగించేశా" అని పేరు పెట్టుకుంటారు, అంతే తేడా. ఇంకోటి జిమ్ముల్లో కనిపిస్తుంది. కండలు తిరిగిన కుర్రాడు అద్దంలో చూసుకుని తాను ఇంకా బక్కగానే ఉన్నాననుకుంటాడు. ఇంట్లో పెళ్ళి ఉన్నా జిమ్ము మానడు. చికెన్ ముక్కలు తూకం వేసుకుని తింటాడు, అమ్మ వండిన పప్పు ముట్టడు, చివరికి ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ సూది పొడిపించుకుంటాడు. దీన్ని మజిల్ డిస్మార్ఫియా అంటారు. తగ్గాలనే ఆరాటం, పెరగాలనే ఆరాటం, రెండూ ఒక ఊరి జబ్బులే.

మరి గుర్తుపట్టడం ఎలా? 1999లో లండన్ వైద్యులు ఐదు చిన్న ప్రశ్నలు తయారుచేశారు. కడుపు బరువెక్కి ఇబ్బందిగా ఉందని మీకై మీరు వాంతి చేసుకుంటారా? ఎంత తింటున్నానో నా చేతుల్లో లేదని దిగులు పడుతున్నారా? మూడు నెలల్లో బాగా తగ్గిపోయారా? సన్నగా ఉన్నావని అందరూ అంటున్నా మీకు లావుగానే అనిపిస్తోందా? తిండి ఆలోచనే మీ జీవితాన్ని ఏలుతోందా? రెండింటికి అవునని వస్తే డాక్టరును కలవడం మంచిది. జబ్బు ఉందని తేల్చడానికి ఇవి చాలవు, అనుమానించడానికి చాలు.

వైద్యం ఉంది, పనిచేస్తుంది. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే మాటల చికిత్సను ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ ఈ జబ్బుల కోసమే మలిచారు. అందులో మొదటి మెట్టు వింటే మీరు ఆశ్చర్యపోతారు. తినమంటారు. రోజుకు మూడు పూటలా భోజనం, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి, మెలకువగా ఉన్నంతసేపూ నాలుగు గంటలకు మించి ఎడం లేకుండా. రాత్రి ఆబగా తిన్నా సరే, పొద్దున ఇడ్లీ తినాల్సిందే. చాలామందికి అన్నిటికన్నా కష్టమనిపించేది ఆ ఇడ్లీయే. దాంతోపాటు ఎప్పుడు, ఎక్కడ, ఏ మనసుతో తిన్నారో అప్పటికప్పుడు రాసుకోమంటారు. కొన్ని వారాల్లోనే ఆ అర్ధరాత్రి ఉద్ధృతి తగ్గడం చాలామందిలో చూస్తాం. తర్వాతే అసలు సంగతులు బయటికొస్తాయి, ఒంటరితనం, భయం, ఎప్పుడో ఎవరో అన్న మాట. బులీమియాకు, బింజ్ ఈటింగ్‌కు మందులు కూడా తోడ్పడతాయి. బాగా చిక్కిపోయినవాళ్ళకు మాత్రం ఇంట్లో ఒక్కసారిగా తిండి కుక్కకండి. ఎన్నాళ్ళో ఖాళీగా ఉన్న ఒంట్లో హఠాత్తుగా లవణాలు తారుమారై ప్రమాదం రావచ్చు, ఆసుపత్రిలో నిదానంగా మొదలుపెట్టాలి.

ఇంట్లోవాళ్ళకు నేను చెప్పేది తక్కువే. పళ్ళెం మీద కాపలా కాయకండి, మీరు కూడా కూర్చుని తినండి. తింటున్నంతసేపూ తిండి గురించీ, ఒంటి గురించీ మాట్లాడకండి. మాట్లాడటానికి క్రికెట్ ఉంది, పక్కింటివాళ్ళున్నారు, ధరలున్నాయి. ఫ్రిజ్‌కు తాళం వేసిన ఇళ్ళు నాకు తెలుసు, దానివల్ల ఎవరికీ నయం కాలేదు. అనుమానం ఉంటే "ఈ మధ్య నీ మనసు బాగున్నట్టు లేదు, నేనేమైనా తోడు రానా?" అని అడగండి. కొంపలు మునిగినట్టు అడగకండి, మామూలుగా అడగండి.

ఖర్చు సంగతి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం శరీర వ్యాధులకు ఇచ్చినట్టే మానసిక వ్యాధులకూ బీమా ఇవ్వాలి. మీ పాలసీలో ఏముందో ఒకసారి చదువుకోండి, లేదని చెబితే కాగితం మీద రాసివ్వమని అడగండి. హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి, విశాఖలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి అందరికీ తెరిచే ఉన్నాయి. ఎర్రగడ్డ పేరు మనం జోకులకు వాడుకుని వాడుకుని, నిజంగా అవసరమైనవాళ్ళు గేటు దాటకుండా చేశాం. అంత దూరం వెళ్ళలేనివాళ్ళకు 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అనే ఫోను సేవ ఉంది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీపగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. నంబరు 14416. ఇప్పుడు ఇది వింటూ ఇది నా సంగతే అనుకుంటున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, రేపటి దాకా ఆగకండి, ప్రసంగం అయ్యాక ఫోను చేయండి. మళ్ళీ చెబుతున్నాను, రాసుకోండి: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.